నూనె పీల్చని కాగితం

మా వదిన నూనె పీల్చని కాగితం చేసే ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేస్తుంది. తెగిపడ్డ ముక్కలు ఊరికే పట్టుకెళ్లనిస్తారు. జీతం దగ్గర లేని ధారాళం అక్కడ చూపిస్తారు. కూతురి తిండీ, వదిన పంచిపెట్టగా వీధిలో పిల్లల తిండీ ఏళ్లుగా వాటిలోనే చుట్టారు.

టీకాలన్నీ వేయించినా కూతురికి తట్టు పోసింది. రక్తపరీక్ష చూసి, వదిన పనీ, పిల్ల తిండి చుట్టే కాగితం సంగతీ అడిగి తెలుసుకుని డాక్టరు, "టీకా ఒంటికి పట్టలేదమ్మా. ఆ కాగితం పూత వేడి తిండిలోకి దిగుతుంది. అది ఒంట్లో చేరితే టీకా సరిగా పట్టదు. దానివల్ల కూడా కావచ్చు," అన్నాడు. వదిన తలూపింది. ఏడవలేదు.

సాయంత్రం పక్కింటి పిన్ని వచ్చింది. "మనవడికి తిండి చుట్టాలి, రెండు కాగితాలివ్వవే."

"అయిపోయాయి పిన్నీ," అంది వదిన, కాగితాల కట్టకి అడ్డంగా నిలబడి.

పిన్ని మొహం మాడ్చుకుని వెళ్లింది. వదిన పిసినారి అయిపోయిందని ఇప్పుడు వీధంతా అంటున్నారు. ఇన్నేళ్లూ పంచిందేమిటో చెప్పడం కంటే ఆ మాటే నయమని వదిన ఊరుకుంది.