చొప్పదండికి వచ్చిన సముద్రం

నేను ఆదిలాబాద్ జిల్లాలోని ఒక వాతావరణ పరిశీలన కేంద్రంలో సీనియర్ అబ్జర్వర్‌గా ఉన్న చివరి ఏడాది, ఏప్రిల్ నెలాఖరున, నన్ను ఒక్కరోజు పనిమీద చొప్పదండికి పంపారు. రైతుల అవగాహన సదస్సు. ఉత్తర్వులో విషయం ఇలా ఉంది: ‘సముద్ర ప్రవాహాల ఆధారంగా రాబోయే దశాబ్దాల వాతావరణ అంచనా’. చొప్పదండి వాళ్లు సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. ఉత్తర్వు రాసినవాళ్లకు అది తట్టలేదు.

అబ్జర్వర్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే నిర్వాహకులకు తెలియలేదు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు, నాలుగు కాళ్ల మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి లోపలి థర్మామీటర్లు చదవాలి. వానకొలత డబ్బాలో పడ్డ నీళ్లను గాజు కొలపాత్రలో పోసి చూడాలి. కనపడ్డది కనపడ్డట్టు పై ఆఫీసుకు పంపాలి. నేను అటెండర్‌గా చేరి, శాఖాపరమైన పరీక్షలు రాసి, ఆ హోదాకు వచ్చాను. పదో తరగతి తరువాత నాకు పాఠం చెప్పినవాడు లేడు. జిల్లా గ్రంథాలయంలో భౌతికశాస్త్రం పుస్తకాలు నాకు నేనే చదువుకున్నాను. అయినా ఆహ్వాన పత్రికలో ముఖ్య అతిథికి నాలుగు లైన్లు, టెంటు, మైకు సెట్టు ఇచ్చినాయనకు ఒక లైను వేసి, నన్ను ‘మరియు సిబ్బంది’ అన్న రెండు మాటల్లో ముగించారు.

పెద్దాఫీసు నుంచి వచ్చిన శాస్త్రవేత్త మాధవి గారు. విశాఖ వైపు మనిషి, వయసులో చిన్న, మాటలో నిదానం. ముందురోజు సాయంత్రం ఆవిడ నాకు సంగతంతా వివరించారు. గాలికి మరుపెక్కువ, వారం తిరిగేసరికి అది అంతకుముందు ఏం చేసిందో దానికే తెలియదు. అందుకే వచ్చే నెల ఫలానా రోజున వాన పడుతుందని ఎవరూ చెప్పలేరు. సముద్రం అలాంటిది కాదు. ధ్రువాల వైపు చల్లబడి, ఉప్పెక్కి, బరువెక్కిన నీరు అడుగుకు దిగుతుంది. వందల ఏళ్లు అడుగునే నడిచి మరెక్కడో పైకి తేలుతుంది. ఆ నడకను లెక్కగట్టి, మనుషులు వదిలే పొగను కూడా కలిపి, రాబోయే దశాబ్దాల్లో కాలం ఎటు మొగ్గుతుందో అంచనా వేస్తారు. ఎప్పటిదో కడుపులో పెట్టుకుని తిరిగే ఆ స్వభావం నాకు వెంటనే అర్థమైంది. నాదీ అదే.

దీన్ని కళ్లకు చూపించడానికి ఆవిడ నాలుగడుగుల గాజు తొట్టి తెచ్చారు. ఒక చివర ఐసు, ఇంకో చివర వేడినీళ్ల సంచి, నడుమ ఉప్పునీళ్లు. ఐసు చివర నీలిరంగు వదిలితే అది మునిగి, అడుగున మెల్లగా పాకి, వేడి చివర పైకి రావాలి. ఉప్పు, ఐసు, రంగు తెచ్చే బాధ్యత నాకు అప్పగించారు.

ఏప్రిల్‌లో గడ్డ ఐసు దొరికింది చేపలమ్మే ఖాదర్ భాయ్ దగ్గర ఒక్కచోటే. పని చెప్పాను.

“సముందర్‌కు బరఫ్ కావాల్నా సాబ్? తీస్కపోండి. నా చాపలు ఎన్నడు సముందర్ చూడలే, వాటి బరఫన్న చూడనీ” అన్నాడు.

రంగేమో నూలుకు రంగులద్దే సత్తయ్య ఇచ్చాడు. “గిది పక్కా రంగు సారూ. చీర చినిగినా గిది పోదు” అని సంతోషంగా పొట్లం కట్టాడు. ఉప్పునీళ్లలో ఆ రంగు ఇంకా గట్టిగా పడుతుందనీ, అద్దకంలో ఉప్పు వేసేది అందుకేననీ నాకు చెప్పలేదు. నాకిచ్చిన కాగితంలో నీలిరంగు అని మాత్రమే ఉంది. కడిగితే పోయే నీలిరంగు అని లేదు. ఈ మాట తరువాత రాతపూర్వకంగా కూడా చెప్పాను.

సదస్సు నాడు హాలు నిండింది. మాధవి గారు మాట్లాడగానే ఒకాయన లేచాడు.

“మేడమ్, శుక్రారం మా బిడ్డ పెండ్లి. వాకిట్ల టెంటు సరిపోతదా, ఫంక్షన్‌హాలు మాట్లాడాల్నా?”

శుక్రవారం సంగతి తాను చెప్పలేననీ, ముప్పై ఏళ్లలో కాలం ఎటు మొగ్గుతుందో అయితే కొంత చెప్పగలననీ ఆవిడ అన్నారు.

“ముప్పై ఏండ్లకు మనుమరాలి పెండ్లి అయితది. గది గప్పుడు చూస్తం. జర గీ శుక్రారం చెప్పుండ్రి.”

ఆ తరువాత అడిగినవన్నీ అలాంటివే. హాలు మొత్తంలో ముప్పై ఏళ్ల ప్రశ్న నిజంగా ఉన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు, మల్లయ్య, ఆయన భార్య రాజవ్వ. వాళ్లకు నాలుగెకరాలు, ఒక్క బోరు. నాలుగెకరాలూ ఆయిల్‌పామ్ వేస్తానని మల్లయ్య మొక్కలు తెచ్చి వాకిట్లో దించాడు. ఒకసారి నాటితే ముప్పై ఏళ్ల దాకా నిలిచే తోట, నీళ్లు బాగా తాగే తోట. రాజవ్వ వద్దంది. మొక్కలు దిగిన రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సదస్సులో కూడా నడుమ ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. ఖాళీగా ఉన్నది అదొక్కటే కాబట్టి నేను అందులో కూర్చున్నాను.

రాజవ్వ ముందుకు చూస్తూనే నాతో అంది. “సారూ, గాయనకు చెప్పుండ్రి. నడుమల బోరు ఎండితే నాలుగెకరాలకు నేను చెంబుతోని పొయ్యాల్నా అని.”

మల్లయ్య కూడా ముందుకే చూస్తూ అన్నాడు. “గామెకు చెప్పుండ్రి సారూ. గా సంగతి చెప్పనీకే మేడమ్ వచ్చింది. జర ఓపిక పట్టుమనుండ్రి.”

ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినపడుతూనే ఉంది. అయినా నేను అటుది ఇటు, ఇటుది అటు ఒక్క అక్షరం పోకుండా చేరవేశాను. అబ్జర్వర్ సొంత మాట కలపకూడదు.

మాధవి గారు తొట్టిలో ఐసు వేసి రంగు వదిలారు. నీలం తాడులా కిందికి దిగి అడుగున పాకడం మొదలైంది. ఐసు కరిగేకొద్దీ చేపల వాసన హాలంతా కమ్మింది. ముందు వరుసలో ఎవరో గట్టిగా పీల్చి, “సముద్రం వాసనే” అన్నారు. ఆ మాట వెనకకు పోయేసరికి శాస్త్రవేత్త గారు విశాఖ నుంచి సముద్రమే తెచ్చారని అయింది. దానికితోడు ఆ రోజు పౌర్ణమి, సముద్రస్నానం పుణ్యమనే రోజు. ముఖ్య అతిథి తెల్ల బట్టల్లో, తెల్ల జుట్టుతో లేచి, చెప్పులు విడిచి, దోసిలితో మూడుసార్లు నెత్తిన చల్లుకున్నారు. ఆ వెనక జనం లేచారు.

“అది బోరు నీళ్లండీ” అని మాధవి గారు మైకులో అరిచారు.

ఒక ముసలాయన వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. “ఉప్పగున్నయి మేడమ్. చొప్పదండిల ఏ బోరు ఉప్పగున్నదో చూపెట్టుండ్రి.”

ఉప్పు మేమే కలిపామని ఆవిడ చెప్పేలోపే సీసాలు వచ్చాయి, టిఫిన్ డబ్బాలు వచ్చాయి. ఒకామె కొంగు తడుపుకుని పోయింది. కాసేపటికి తొట్టిలో ఐసు ముక్కలూ ఒక చేప పొలుసూ మిగిలాయి. హాల్లో సగంమంది నీలంగా ఉన్నారు.

రాజవ్వ మాత్రం తొట్టి పక్కన కదలకుండా నిలబడి, గాజు మీద వేలు పెట్టి ఉంది. రంగు సగం దూరం వచ్చిన చోట అది. ఆమెకు కోపం వచ్చింది. “అవతలి ఒడ్డుకు చేరకముందే తోడుకపోయిరి. నా బోరు సంగతి ఎవ్వలు చెప్పాలె?”

మాధవి గారు తడినేల మీద ఆమె ఎదుటికి వచ్చి నిలబడ్డారు. “ఏ ఏడు కరువో చెప్పలేనమ్మా. ఎండలు ముదురుతాయి, అది గట్టిగా చెప్పగలను. వాన తక్కువ రోజుల్లో ఎక్కువ కురిసే అవకాశం ఉంది. సముద్రాన్ని బట్టి ముందు కొన్నేళ్ల మొగ్గు తెలుస్తుంది. ఆపైన మనం ఎంత పొగ వదులుతామన్నదాన్ని బట్టి.”

“అంటే వాన వస్తది, గని ఒక్కపారే కుమ్మరిచ్చి పోతది. అంతేనా?”

“చాలావరకు అంతేనమ్మా. పక్కా అని మాత్రం అనను.”

రాజవ్వ గాజు మీంచి వేలు తీసి, నా వైపు తిరిగింది. “సారూ, గాయనకు చెప్పుండ్రి. మొక్కలు రెండెకరాలల్ల పెట్టుమనుండ్రి. సగం మొక్కలు వాపసియ్యాలె. తక్కిన దాంట్ల కుంట తవ్వాలె. వచ్చిన నీళ్లను వచ్చినప్పుడే పట్టుకోవాలె.”

చేరవేయడానికి నేను తిరిగాను. మల్లయ్య జనంలోంచి బయటపడి మా వెనకే నిలబడి ఉన్నాడు. నెత్తి నుంచి మీసం దాకా నీలం. రాజవ్వ చూసింది. నవ్వు ఆపుకుందామనుకుంది గానీ కాలేదు.

“నీ మొఖం అద్దంల చూసుకున్నవా?”

“ఏమైంది?”

“మన పెండ్లినాడు గూడ నీకు గింత రంగు పుయ్యలే.”

మల్లయ్య అరచేతులు చూసుకున్నాడు, బనీను చూసుకున్నాడు. తరువాత నన్ను తప్పించుకుని నేరుగా ఆమెనే అడిగాడు. “కుంట ఎంత లోతు తవ్వుదామంటవు?”

నా అవసరం తీరింది. వెళ్లి తొట్టి కడిగాను.

వారానికి నాకు మెమో వచ్చింది. ముఖ్య అతిథి జుట్టు నీలం కావడానికి సంజాయిషీ ఇవ్వాలట. పైన చెప్పిన జవాబే రాసి, కింద సత్తయ్య రంగు నాణ్యతను ప్రశంసించాను. ‘మరియు సిబ్బంది’ సంగతి కూడా అందులోనే అడిగాను. దానికి ఇప్పటిదాకా జవాబు రాలేదు.

జూన్‌లో అటు పోయినప్పుడు వాళ్ల చేను దగ్గర ఆగాను. కుంట తవ్వి ఉంది, మొదటి వాన నీళ్లు మోకాలి లోతు నిలిచాయి. రెండెకరాల్లో మొక్కలు వేరు పట్టుకున్నాయి. కుంట లోతు గురించి ఇద్దరూ నేరుగా, గట్టిగా పోట్లాడుకుంటున్నారు. మల్లయ్య గోళ్ల అంచున నీలం ఇంకా పోలేదు.

ఈ ఉదంతం వల్ల వృత్తిపరంగా నేను తెలుసుకున్నది ఇది. ముప్పై ఏళ్ల ముందుచూపు చెప్పేవాళ్లు, శుక్రవారం సంగతి అడుగుతారని ముందే తెలుసుకుని రావాలి. ఐసు చేపల దుకాణంలో కొనకూడదు. రంగు అవతలి ఒడ్డుకు చేరేదాకా తొట్టి దగ్గర ఒక మనిషిని కాపలా ఉంచాలి. ఆ మనిషి పేరు, హోదా ఆహ్వాన పత్రికలో అచ్చు వేయాలి.