ఆ గూట్లో నేను పెట్టిన దీపం

ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఇంట్లో దీపం పెట్టాక నేను అక్కణ్ణుంచి కదలను. నూనె అయిపోయి, వత్తి మాడి, చివరి పొగ ఆగేదాకా ఎదురుగా కూర్చుంటాను. కోడలు చూసి "అత్తయ్యగారికి ఎంత భక్తో" అంటుంది. భక్తి కాదు, భయం. ఆ మాట ఆమెతో అనలేదు. మా ఆయనతో కూడా అనలేదు, ఇప్పుడు ఆయన లేరు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పగలిగేదే అయితే ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదు.

తొంభైలలో మేము దోహాలో ఉండేవాళ్ళం, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక చిన్న ఫ్లాటులో. మా ఆయన ఇంజనీరు. ఆయన కంపెనీ యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. ఆ అర్బాబ్ అల్ అజీజియాలో కొత్త విల్లా కట్టుకుని వెళ్ళాక, మా వీధి చివర వాళ్ళ పాత ఇల్లు తాళం పడి ఉండిపోయింది. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, మందపాటి గోడల్లో గూళ్ళు. పైకప్పుకి కర్రదుంగలు, వాటిమీద ఖర్జూరపు మట్టల చాపలు. లోపల పావురాలు తప్ప ఎవరూ లేరు. నేను రోజూ కూరలకి వెళ్తూ దాని తలుపు చూసేదాన్ని.

ఆ ఇల్లు ఇప్పిస్తే శుక్రవారాలు తెలుగువాళ్ళమంతా కలుసుకుంటాం, పిల్లలకి అక్షరాలు నేర్పుతాం, పాటలూ నాటకాలూ పెట్టుకుంటాం అని మా ఆయన వెళ్ళి అడిగారు. పోరుపెట్టి పంపింది నేను. తెలుగు ఎం.ఏ. చదివి, నాలుగు గోడల మధ్య చపాతీలు వత్తుకుంటూ కూర్చున్నదాన్ని. ఆ ఇల్లు అందరికంటే నాకే ఎక్కువ కావాలి. అర్బాబ్ ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. లోపల నిప్పు వెలిగించకూడదు, పైకప్పు పాతది, ఒక్క రవ్వ చాలు అన్నాడు. అందులో తప్పేముంది? ఏమీ లేదు. కానీ నేను దాన్ని అలా వినలేదు. మనల్ని దీపం కూడా పెట్టుకోనివ్వరన్నమాట అనుకున్నాను. నా మొండితనం అక్కడే మొదలైంది.

ఇంటిని నిలబెట్టింది మాత్రం ఖాదర్. కామారెడ్డి దగ్గరి పల్లె నుంచి, బోర్లు ఎండిపోయి వచ్చిన తాపీమేస్త్రీ. అర్బాబ్ కంపెనీలోనే పని, ఊరికి దూరంగా ఉత్తరాన షమాల్ వైపు కూలీల క్యాంపులో ఉండేవాడు. శనివారం నుంచి డ్యూటీ చేసి, సెలవైన శుక్రవారం కూడా పికప్ పట్టుకుని అంతదూరం వచ్చేవాడు. ఎవరూ రమ్మనలేదు, విని వచ్చాడు. నాలుగు నెలలు గోడలు గీకాడు, సున్నం పూశాడు, పుచ్చిన దుంగలు మార్చాడు. మధ్యలో జుమ్మా నమాజుకి వెళ్ళి మళ్ళీ నిచ్చెన ఎక్కేవాడు. పనిచేస్తూ శతక పద్యాలు పాడేవాడు, ఒక్క పాదం తప్పకుండా. మామూలుగా మాట్లాడితే ఆయన తెలంగాణ యాస విని, ఇంటి పనులు చూసుకునే మా కమిటీవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. అది కూడా ఇక్కడ రాయాలి. ప్రారంభోత్సవం నాడు ఆయన చేత పద్యాలు చదివించాలని మేమే అనుకున్నాం. అందుకోసం కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

ఇంటి తాళంచెవులు రెండు. ఒకటి ఖాదర్ దగ్గర, ఒకటి నా దగ్గర.

ఆ శుక్రవారం సాయంత్రం ప్రారంభం. తెల్లవారుతూనే, మా ఆయన నిద్రలో ఉండగా, నేను చిన్న గ్యాసు పొయ్యి, పాలగిన్నె, ఇత్తడి ప్రమిద సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పాలు పొంగించకుండా అడుగుపెడితే ఏ ఇల్లయినా అచ్చిరాదని విని పెరిగినదాన్ని. పిల్లలు చదువుకోబోయే ఇల్లు కదా. ముంగిట్లో పాలు పొంగించాను. పెద్దగదిలో గూట్లో దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఏడ్చాను కూడా, సంతోషంతో. పది నిమిషాల పని. మా ఆయన లేచేలోగా వెళ్ళాలి.

ప్రమిదలో నూనె ఇంకా సగం ఉంది. ఊది ఆర్పేస్తే సరిపోయేది. కానీ పెట్టిన దీపాన్ని చేత్తో ఆర్పుతామా? దానంతట అది కొండెక్కాలి. అందులోనూ ఆ ఇంట్లో పెట్టిన మొదటి దీపం. ఆర్పడానికి నాకు చెయ్యి రాలేదు. కాసేపట్లో అదే పోతుందిలే అనుకున్నాను. నూనె వాసన ఎవరైనా పసిగడతారేమోనని గూటి పక్క కిటికీ తెరిచిపెట్టాను. దానికి వేలాడుతున్నది నా పాత చీర చింపి నేనే కుట్టిన పరదా. తాళం వేసి వచ్చేశాను.

తొమ్మిదిన్నరకి ఫోను. పరుగెత్తుకుని వెళ్ళేసరికి పెద్దగది కప్పు కూలిపోయింది. మేము పోగుచేసిన పుస్తకాలు, చాపలు, పలకలు అన్నీ బూడిద. వీధి గుమ్మంలో ఖాదర్ కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ కాలి. తలుపుకి చివరి వార్నిష్ పూద్దామని పొద్దున్నే వచ్చాడట. బిందెలతో నీళ్ళు పోసి మిగతా గదులు కాపాడింది ఆయనే. ఆయన పక్కన వార్నిష్ డబ్బా ఉంది. జేబులో బీడీకట్ట ఉంది. ఇంకేం కావాలి? ఖాదర్ బీడీవల్లే అని మా కమిటీవాళ్ళే ముందు అన్నారు. అర్బాబ్ మనుషులు తరవాత అన్నారు.

నేనేం చేశాను? అందరితోపాటు లోపలికి వెళ్ళి, "అయ్యో" అంటూ గూట్లోంచి నల్లబడిన ప్రమిద తీసి చెంగులో చుట్టుకున్నాను. నా బుర్ర అంత చురుగ్గా పనిచెయ్యడం నాకే ఆశ్చర్యం.

మర్నాడు మధ్యాహ్నం ఖాదర్ మా ఫ్లాటుకి వచ్చాడు. చేతులకి కట్లు. బెల్లు మోచేత్తో నొక్కాడు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. నేను లోపలికి రమ్మనలేదు.

"మేడం, తాళం ఒకటి నా తాన, ఒకటి మీ తాన. నిన్న పొద్దుగాల్ల మీరేమన్న అచ్చిన్రా? నేనచ్చెటాల్లకే పొగ లేస్తుండె."

"నేనెందుకు వస్తాను? ఫంక్షను సాయంత్రం కదా" అన్నాను.

"బీడీ దాగుత మేడం, అబద్ధం జెప్ప. గని ఆ ఇంట్ల ఎన్నడన్న ముట్టిచ్చిన్నా? గల్లీల నిలవడి తాగొస్తుంటి. మీరు సూసిండ్రు గదా. గదొక్క ముచ్చట అర్బాబ్‌కు చెప్పుండ్రి. మీ మాటైతే ఇంటడు."

"ప్రతిసారీ నేను చూశానా ఖాదర్? నాకేం తెలుసు?"

"మంచిది మేడం" అని మెట్లు దిగిపోయాడు. తలుపు వేసి గడియ పెట్టాను.

ఈ సంభాషణని ఎన్ని వేలసార్లు తిరగేసుకున్నానో. మొదటి అబద్ధానికి ఏదో సాకు చెప్పుకుంటాను. కంపెనీ అర్బాబ్‌ది, వీసా అర్బాబ్‌ది, మేముండే ఫ్లాటు అర్బాబ్‌ది, నిజం చెబితే మా ఆయన ఉద్యోగం ఒక్క పూటలో పోయేది. సరే. రెండోదానికి ఏం సాకు? ఆయన నన్ను తప్పు ఒప్పుకోమనలేదు. లోపల బీడీ కాల్చడు అన్న ఒక్క మాట, నేను నాలుగు నెలలు కళ్ళారా చూసిన నిజం, చెప్పమన్నాడు. అది చెప్పినంతమాత్రాన నా దీపం బయటపడేది కాదు. అయినా చెప్పలేదు. ఆయన మీద నింద పోతే, అది ఇంకెవరి మీదకో రావాలి కదా. ఆ ఇంకెవరో ఎవరని వెతుకుతారు కదా. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతారు కదా.

రెండు వారాల్లో ఖాదర్‌ని కంపెనీ ఇండియాకి ఎక్కించేసింది. ఆ రెండు వారాలూ బెల్లు మోగితే తలుపు తీసే ముందు కన్నంలోంచి చూసేదాన్ని. ఫోను మోగితే చేతిలోది కింద పెట్టేసేదాన్ని. ఆయన వెళ్ళాడని తెలిశాక ఏమనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మా ఆయనకి అనుమానం ఉండేదేమో. ఒకసారి పాలగిన్నె అడుగున మాడిన మచ్చ చూసి, ఎప్పుడు మాడింది అన్నారు. మొన్న అన్నాను. మళ్ళీ ఎప్పుడూ పాల మాట ఎత్తలేదు.

అర్బాబ్ ఆ ఇంటికి తాళం వేయించేశాడు. పిల్లల క్లాసు మా హాల్లో కొన్నాళ్ళు జరిగి ఆగిపోయింది. ఏడాది తరవాత ఖాదర్ క్యాంపువాడొకడు సెలవు నుంచి తిరిగొచ్చి మా ఆయనతో మాట్లాడుతుంటే వంటింట్లోంచి విన్నాను. "ఊర్లె అందరు గదే అంటున్నరు సార్, దుబాయ్‌ల సేటు ఇల్లు కాలవెట్టి అచ్చిండని. కొత్తిల్లు కట్టేటోళ్ళు ఎవ్వలు పనికి పిలుస్తలేరు." ఊరివాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే. చేతులు బాగయ్యాయి, పనే రావడం లేదు. అప్పుడు అడ్రసు అడిగి ఉండొచ్చు. టీ ఇచ్చి లోపలికి వచ్చేశాను.

ఆ ప్రమిద ఇంకా నా దగ్గరే ఉంది. చింతపండు పెట్టి ఎంత తోమినా ఒక పక్క నలుపు పోలేదు. బీరువా అడుగున గుడ్డలో చుట్టి ఉంచాను, ఇవాళ తీసి ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఖాదర్ బతికి ఉన్నాడో లేదో తెలియదు. క్షమించమని అడగడం లేదు, మిమ్మల్ని అడిగి ఏం లాభం? రాశాక గుండెలో కొంచెం బరువు దిగింది. అది నాకు దిగాల్సింది కాదని కూడా తెలుసు.

ఆ రోజు గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది ఇంతే. ఖాదర్ ఆ ఇంట్లో ఎప్పుడూ బీడీ ముట్టించలేదు. పొద్దున నేను వెళ్ళాను. దీపం నేను పెట్టాను.