పులి మాట్లాడకూడదు

మా ఎమ్యూజ్‌మెంట్ పార్కులో వేషాల గురించి ఏడు నియమాలున్నాయి. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తాను. పద్నాలుగేళ్లు దాటినవాళ్లు వేషం వేసుకుని రాకూడదు. ముఖానికి ముసుగు గానీ, గుర్తుపట్టలేనంత రంగు గానీ ఉండకూడదు. నేలను తాకే తోకలు, రెక్కలు పనికిరావు, ఆటబండ్ల చక్రాల్లో ఇరుక్కుంటాయి. కత్తులు, గదలు గేటు దగ్గరే వదిలెయ్యాలి. పార్కులో తిరిగే బొమ్మల్లాంటి వేషం ఎవరూ వెయ్యకూడదు. వేషంలో వచ్చినవాళ్లు మిగతా అతిథులతో ఫోటోలకు నిలబడకూడదు. ఇక ఏడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: మేము అభ్యంతరం చెబితే వేషం తీసేసి మామూలు బట్టలు వేసుకోవాలి, లేదంటే వెనక్కి వెళ్లిపోవాలి.

ఇవి చదివి వినిపించడమే నా ఉద్యోగం. రెండో గేటు పక్కన పసుపు గొడుగు కింద నాకో బల్ల ఉంది. చిన్నపిల్లల ప్లాస్టిక్ కత్తులు తీసుకుని టోకెన్ ఇస్తాను. మెడలో వేలాడే బిల్ల మీద 'రుతుజ' అని మాత్రమే ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. ఎక్కడుంటావని తోటివాళ్లు అడిగితే గ్రాంట్ రోడ్ అంటాను. కామాటిపురా అనను. ఈ బొంబాయి మేడలకు రాయీ సున్నమూ మోసిన మా కామాటోళ్ల పేరే ఆ పేటకు పెట్టారని నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే సానివాడ గుర్తొచ్చి ఎదుటివాళ్ల పెదవి చివర మెదిలే నవ్వును భరించే ఓపిక నాకు లేదు. కాబట్టి గ్రాంట్ రోడ్.

మా నాయిన పేరు శంకర్రావు. తొమ్మిదో గల్లీలో పుట్టాడు, అక్కడే ఉన్నాడు. పని బిల్డింగులకు రంగులెయ్యడం. బొంబాయిలో తాను రంగు వెయ్యని గోడ ఉందంటే అది ఇంకా కట్టని గోడే అయ్యుంటుందని కోతలు కోసేవాడు. నలభై ఏళ్లు వెదురు పరంజాల మీద తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి. పార్కు వాళ్లిచ్చిన కాగితంలో తండ్రి వృత్తి అన్నచోట నేను 'పెయింటింగ్ కాంట్రాక్టర్' అని రాశాను. నా అబద్ధాల్లో అదేం మొదటిది కాదు.

ఏడాదికి ఒకరోజు, పీర్ల పండుగకు, మా నాయిన పులి అయ్యేవాడు. మా తాత పాలమూరు నుంచి వస్తూ మూటలో తెచ్చుకున్న ఆచారం అది. ముందురోజు సాయంత్రం మొదలుపెట్టి ఒళ్లంతా పసుపు ఆయిల్ పెయింటు, దాని మీద నల్ల చారలు. గోడలకు వేసే రంగే. చెమటకు కారదు, వానకు కారదు. అది ఆరేదాకా కూర్చోకూడదు, పడుకోకూడదు. వరసగా గదులుండే మా చాల్ వరండాలో రెండు వెదురు కర్రల మీద చేతులు ఆనించి, రాత్రంతా నిలబడే ఉండేవాడు. తోక గుడ్డ చుట్టిన తాడు, దాని చివర అరిగిపోయిన బ్రష్షుల వెంట్రుకల కుచ్చు. ఆయన పాత స్నేహితుడు, తోటి రంగులపనివాడు సాయిలు డప్పు కొడితే గల్లీ గల్లీ ఆడేవాడు. నిద్రలో ఉలిక్కిపడే పిల్లల్ని తల్లులు తెచ్చి నేల మీద పడుకోబెట్టేవాళ్లు. పులి వాళ్లను దాటితే భయం పోతుందని నమ్మకం.

ఆ వేషానికీ ఒక నియమం ఉంది. ఒకటే. రంగు పడ్డ దగ్గర్నుంచి రంగు కడిగేదాకా మాట్లాడకూడదు. "పులికి మాట రాదు. మాట్లాడిందంటే అది పులి కాదు, రంగు పూసుకున్న శంకరిగాడు. మాట్లాడినోడు మల్ల తోక కట్టొద్దు" అని తాత చెప్పేవాడట. ఒకసారి నాగ్‌పాడా మలుపులో మేకు కాల్లోకి బొటనవేలంత లోతు దిగింది. మా నాయిన అబ్బా అని కూడా అనలేదు. ఇంటికొచ్చి, మా అమ్మ రత్నాబాయి గాసులేటు, అదే కిరసనాయిలు, పెట్టి రంగంతా తుడిచాక, అప్పుడు ఏడ్చాడు.

చిన్నప్పుడు ఆ తోక నేలను తాకకుండా పట్టుకుని నడిచేది నేనే. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా, వేరే పేట నుంచి వచ్చే నా మరాఠీ స్నేహితురాళ్లు బస్సు కిటికీలోంచి మా నాయినను చూసి పకపకా నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆ ఏడాది నుంచి పీర్ల పండుగ రోజు నాకు ఎప్పుడూ ఏదో ఒక క్లాసు ఉండేది.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం దొరకలేదు. దొరికాక ఇంట్లో నా గొప్పలకు అంతే లేదు. "మా పార్కులో బబ్లూ టైగర్ అని ఒక బొమ్మ ఉంది నాయినా. ఒకడు పులివేషం వేసుకుని పిల్లలకు చెయ్యి ఊపుతాడు. అంతే పని. దానికి జీతమిస్తారు" అన్నాను.

ఆయన నోట్లో బీడీ అలాగే ఉండిపోయింది. "పులేషానికి జీతమా? ఎంత మంచి జాగల పడ్డవే బిడ్డా!"

"వచ్చేవాళ్లు కూడా వేషాలు వేసుకొస్తారు" అన్నాను, ఇంకాస్త ఊరిస్తూ.

అంతవరకే చెప్పాను. నియమాలు మాత్రం మా గదిలో అటకలాంటి మాచా మీద కూర్చుని ఇంగ్లీషులో బట్టీ పట్టాను. కింద బీడీ కాలుస్తూ ఆయన ముచ్చటగా వినేవాడు, నేనేదో మంత్రాలు చదువుతున్నట్టు. అందులో ఒక్క ముక్క తెలుగులో చెప్పి ఉంటే ఇప్పుడు ఇదంతా రాసుకోవాల్సిన పని ఉండేది కాదు.

పోయినేడు పండుగ రోజు నాకు డ్యూటీ పడింది. అడిగి వేయించుకున్నాను. పొద్దున ఆరింటికి బయల్దేరేసరికి నాయిన వరండాలో కర్రల మీద చేతులు చాపి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు, కళ్లతో నవ్వాడు. ఎప్పట్లాగే గల్లీలు తిరుగుతాడనుకున్నాను. నాకు ఉద్యోగం వస్తే నా నౌకరి గడప ముందు పులి ఆడతానని ఆయన పీర్లకు మొక్కుకున్నాడని నాకు తెలియదు. అమ్మకు తెలుసు. చెబితే మొక్కు ఫలం తగ్గుతుందని దాచిపెట్టింది.

పదకొండింటికి సన్నగా వాన. గేటు అవతల డప్పు వినబడింది. ఆ దెబ్బ నాకు తెలుసు. తల ఎత్తకుండానే సాయిలు అనుకున్నాను.

రైల్లో గ్రాంట్ రోడ్ నుంచి నిలబడి, ఆపైన బస్సులో నిలబడి, అరవై రెండేళ్ల పులి వచ్చింది. పక్కన డప్పుతో సాయిలు. వానకు రంగు చెక్కు చెదరలేదు, ఇంకా మెరుస్తోంది. క్షణంలో జనం మూగారు. లోపల తిరిగే మా బబ్లూ స్పాంజి తలకాయ ఎవరికి కావాలి? ఇదిగో, పొట్ట ముడతల్లో కూడా చారలున్న పులి. ఒకావిడ బిడ్డను ఆయన పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంది. ఇంకొకావిడ తీసుకుంది. పద్నాలుగేళ్లు దాటడం, ముఖానికి రంగు, నేలను తాకే తోక, పార్కు బొమ్మ పోలిక, ఫోటోలు. నా బుర్ర నియమాలు లెక్కపెట్టుకుంటోంది. మా నాయిన ఒక్క నిమిషంలో అయిదింటిని మీరాడు.

అప్పుడు నన్ను చూశాడు. జనాన్ని వదిలేసి నా బల్ల ముందుకొచ్చి మూడడుగులు ఆడాడు. మోకాళ్ల మీద వంగి రెండు అరచేతులూ తడినేలకు ఆనించి, గేటు ఇనుప పట్టీకి నుదురు తాకించాడు. మొక్కు ఎవరి కోసమో వాళ్ల ముందు అలా వంగడం పద్ధతి. వంగి, తల పైకెత్తి నా వంకే చూశాడు.

ఉద్యోగం పోతుందన్న భయం తర్వాత వచ్చింది. నిజం చెప్పాలి కదా, ముందొచ్చింది సిగ్గు. ఆ పొట్ట, ఆ లంగోటీ, ఆ బ్రష్షుల తోక. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను. నన్నే, ఆయన్ను కాదు. కనీసం అంతవరకు నయం.

మా సూపర్‌వైజర్ సారిక మేడం గొడుగు పట్టుకుని వచ్చింది. చెడ్డ మనిషి కాదు. హిందీలో మర్యాదగానే, "బాబా, ఈ వేషంతో ఇక్కడ ఉండకూడదు. తీసేస్తే టికెట్టు కొనుక్కుని లోపలికి రావచ్చు" అంది. పులి పలకలేదు. ఆవిడ మళ్లీ అడిగింది. పులి పలకలేదు. ఆవిడ నా వైపు తిరిగి, "రుతుజా, ఏడో నియమం చదివి వినిపించు" అంది.

వినిపించాను. గొడుగు కిందినుంచి బయటికొచ్చి, కన్నతండ్రికి, హిందీలో, 'మీరు' అంటూ వినిపించాను. వేషం తీసెయ్యండి, లేదా వెళ్లిపోండి.

ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. తీసెయ్యడానికి అక్కడేముంది? రంగు కింద చర్మమే ఉంది. అరిచెయ్యి తిప్పి నాకు చూపించాడు. ఎలా తియ్యాలో నువ్వే చెప్పమన్నట్టు.

గార్డు తోక పట్టుకుని లాగాడు. సాయిలు డప్పు ఆపేసి నా వైపు చెయ్యి చాపాడు. "జర ఆగుండ్రి! బిడ్డా, నువ్వన్న చెప్పరాదే!"

సారిక మేడంకు తెలుగు రాదు. కానీ ఆ చెయ్యి ఎవరి వైపు చాపాడో చూసింది. "నీకు వీళ్లు తెలుసా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడలో బిల్ల మీదికి పోయింది. "తెలియదు మేడం" అన్నాను.

"మరి ఆ ముసలాయన నిన్నే ఎందుకు చూస్తున్నాడు? నీతోనే మాట్లాడుతున్నాడెందుకు ఇతను?"

బల్ల వైపు తిరిగి టోకెన్లు సర్దబోయాను. సారిక మేడం ముఖంలో అనుమానం ముదరడం మా నాయిన చూశాడు. అరక్షణం కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు పులి మాట్లాడింది.

"నహీ సాబ్. మేడంకో హమ్ నహీ జాన్తే. గలత్ జగా ఆ గయే" అన్నాడు గార్డుతో. ఈ మేడం ఎవరో మాకు తెలియదు, తప్పు చోటికి వచ్చాం. నిన్నటి నుంచి నీళ్లు తప్ప తగలని గొంతు. బొంగురుగా, తడబడకుండా అన్నాడు. సాయిలు డప్పు కర్రలు కింద పడిపోయాయి. నలభై ఏళ్లలో రంగు మీదుండగా ఆ గొంతు అతనెప్పుడూ వినలేదు.

గార్డుకు దండం పెట్టి, తోక చేతికి చుట్టుకుని, వానలో నడిచి వెళ్లిపోయాడు. తేలు కుట్టిన దొంగలా నేను నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. తర్వాత వచ్చిన పిల్లవాడి దగ్గర కత్తి తీసుకుని టోకెన్ ఇచ్చాను.

ఇంటికెళ్లేసరికి ఏడయింది. నాయిన గది మూల నీళ్లు పోసుకునే మోరీలో పీట మీద కూర్చున్నాడు. అమ్మ గాసులేటు గుడ్డతో వీపు రుద్దుతోంది. ముసలి చర్మం, రంగు వదలడం లేదు, కందిపోతోంది. అమ్మ నా ముఖం చూడలేదు.

"నౌకరి ఉన్నదా?" అన్నాడు నాయిన.

"ఉంది."

"ఇగ మంచిది."

నేను అమ్మ చేతిలో గుడ్డ తీసుకోబోయాను. ఆయన నా చెయ్యి పక్కకు పెట్టేశాడు. కోపంగా కాదు. "వద్దు బిడ్డా. చేతులకు వాసన పడతది. పొద్దుగాల డ్యూటీ ఉన్నది గద."

ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని.

ఈ ఏడు పండుగకు వారం ముందు ఎదురు గదిలో ఉండే మల్లవ్వ మనవరాలిని చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుస్తోందట. "శంకరన్నా, మొదలు మా పోరినే దాటాలె" అంది.

"ఈసారి ఏషం లేదు మల్లవ్వా. ఇగ ఎప్పటికీ లేదు" అన్నాడు నాయిన. "పోయినేడు రంగు మీదుండంగ మాట్లాడిన."

మల్లవ్వ చంకలో పిల్లను దించేసింది. "మాట్లాడినవా? నలభై ఏండ్లు మూసుకున్న నోరు ఎందుకు తెరిస్తివి? గంత అక్కెర ఏమొచ్చింది?"

"ఏమో, యాది మరిచిన. ముసలోన్నయితి గద."

"థూ, నీ ముసలితనం మీద మన్నువడ! తాతలనాటి ఆటను మట్టిల కలిపితివి గద!" అని మల్లవ్వ గల్లీ అంతా వినబడేలా కేకలేసింది. ఆ కేకలకు అటు గదిలోంచి ఒకరు, ఇటు గదిలోంచి ఒకరు వచ్చి నిలబడ్డారు. శంకర్రావుకు మతి పోయిందన్నారు. పీర్లతో ఆటలా అన్నారు. ఆయన తల వంచుకుని అన్నిటికీ ఔనంటూ కూర్చున్నాడు.

నేను గడప మీదే ఉన్నాను, మెడలో బిల్ల వేసుకుంటూ. ఎందుకు మాట్లాడాడో నేను ఒక్క ముక్క చెబితే చాలు. నాయిన తల ఎత్తి నన్ను చూశాడు, చెప్పొద్దన్నట్టు. చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాను.