గోల్ఫ్ క్లబ్‌కు తగిలిన దిష్టి

నాన్న పాత గోల్ఫ్ క్లబ్, బంతిని కొట్టే ఉక్కు కర్ర, మొన్న నా చేతిలో విరిగింది. దాని బోలు గొట్టంలోంచి తుప్పు వాసన వచ్చింది. పిడి కొసనున్న రంధ్రంలోంచి నీళ్లు దిగి, ఆరక, ఉక్కును లోపలినుంచే తినేశాయని బాగుచేసే ముసలాయన చెప్పాడు. తడిసినప్పుడల్లా తుడిచి ఆరబెడితే చాలట.

సింగపూర్‌లో, మా పాసిర్ రిస్ ఫ్లాట్‌లో నాన్న ఏటా ఆయుధపూజకు క్లబ్‌లన్నిటినీ పసుపునీళ్లతో కడిగి, తడితోనే సంచిలో నిలబెట్టేవారు. నా తొమ్మిదో ఏట, పక్క ఫ్లాట్ శేఖరం అంకుల్ ఒక క్లబ్‌ను చూసి, "అబ్బ, ఏం మెరుస్తోందండీ!" అన్నారు. మర్నాడే అది విరిగింది.

"అవి కళ్లు కావు, గునపాలు!" అంది అమ్మ. నేను నమ్మాను.

ఆ సాయంత్రం అంకుల్ కూతురు మాయ నన్ను ఆటకు పిలవడానికి వచ్చింది. గ్రిల్ తలుపు తీయకుండానే, "మీ డాడీ చూస్తే అన్నీ విరిగిపోతాయి. గో హోమ్ లా!" అన్నాను. మాయ వెనకే ఆయన ఉన్నారు. తల దించుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత లిఫ్టులో నేను ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడేవారు.

ఏడాది తిరక్కుండా వాళ్లు ఊరికి ఆ చివరనున్న బూన్ లేకు ఇల్లు మారి వెళ్లిపోయారు. మా పూజ ఆగలేదు. మరో రెండు క్లబ్‌లు విరిగాయి. ఈసారి ఎవరి కళ్లు విరిచాయని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒక మనిషిని అవమానించడానికి అంత తేలిగ్గా తెరుచుకున్న నా నోరు, ఆ ఒక్క ప్రశ్నకు తెరుచుకోలేదు.