సైలు చెప్పిన మాట నేను వినలేదు

గురువారం. చల్లటి గాలి. పొద్దున్నే బట్టలు ఉతికి ఆరేశాను.

ఖతర్‌లోని లుసైల్‌లో పని ముగించుకుని, మేముండే క్యాంపుకు వచ్చే వ్యాన్‌లో ముందు సీటు నాది, రేడియో పెట్టే ఫోనూ నాదే. ఇంగ్లీషు నేర్చుకోవాలని, అమెరికాలో మొక్కజొన్న పండించే ప్రాంతపు చిన్న స్టేషన్ ఒకటి రోజూ పెడతాను. మంచు కబుర్లు, ట్రాక్టర్ల ప్రకటనలు. మిగతావాళ్లు భరిస్తారు.

ఈ రోజు నా గదిలో ఉండే సైలు, "ఈ ఒక్క దినం దోహా ఎఫ్ఎం పెట్టరాదన్నా" అన్నాడు.

"ఇంగ్లీష్ విను, పనికొస్తది" అన్నాను. అతను మళ్లీ అడగలేదు.

కాసేపటికి, వెనక సీట్లో ఇయర్‌ఫోన్‌తో దోహా ఎఫ్ఎం వింటున్న రఫీక్ అరిచాడు. "అరె భాయ్, రేడియోల సైలు మాట్లాడుతుండు! నీ పేరే చెప్తుండు!"

మధ్యాహ్నం సైలు దోహా ఎఫ్ఎంకు వాయిస్ మెసేజ్ పంపాడట. నేను మార్చేసరికి నగల దుకాణం ప్రకటన వస్తోంది.

"ఏం చెప్పినవ్ రా?"

"ఏం లేదన్నా. నీ అమెరికాల మంచు ఆగిందా?"

వ్యానంతా నవ్వింది. నేను తల ఎత్తలేదు. రఫీక్‌ను అడిగితే, సైలునే అడగమంటున్నాడు. మీలో ఎవరైనా ఆ కార్యక్రమం విని ఉంటే, అతనేమన్నాడో కింద రాయండి.

ఈ పూట వంట వంతు సైలుది. బియ్యం నేనే కడిగాను.