మసి పట్టిన రాగిరేకు

గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ రోజుల్లో నాకు పద్దెనిమిదేళ్ళు, ముక్కు మీద కోపం. లోకమంతా కూడబలుక్కుని నాకే అన్యాయం చేస్తోందని గట్టి నమ్మకం. (ఇప్పుడా నమ్మకం కాస్త సడలింది, మోకాళ్ళ నొప్పుల విషయంలో తప్ప.) ఆ అన్యాయాలన్నిటిలోకీ పెద్దది బరంపురంలో మా ఇంట్లోనే, లక్ష్మీపూజ చేసుకునే ఒక మార్గశిర లక్ష్మివారం నాడు, నన్ను పెంచిన మా పెద్దమ్మ చేతుల మీదుగా జరిగింది.

మాది పట్టుచీరల వ్యాపారం. దుకాణం పెదనాన్నది, ఇంట్లో మాటా ఆయనదే. నాకు మాత్రం గజంబద్ద చూస్తేనే ఒళ్ళు మండేది. మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. మద్రాసులో మ్యాపులు చెక్కే పని చేసి, వయసు మీరాక ఒక చేతి ప్రెస్సుతో సహా ఊరు చేరాడు. ఆసిడ్ పడి వేళ్ళ నిండా పసుపు మచ్చలుండేవి కనక ఆయన్ని అందరూ ఆసిడ్ తాత అనేవారు. రాగిరేకుకి మైనం పూసి, దీపం పొగ పట్టించి నల్లగా చేసి, దాని మీద సూదితో బొమ్మ గీస్తాడు. ఆసిడ్‌లో ముంచితే గీసినచోట మాత్రమే రాగిని తినేస్తుంది. మైనం తీసేసి, ఆ గాట్లలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సు చక్రం తిప్పితే బొమ్మ కాగితం మీదకి వచ్చేస్తుంది. అది మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. నేర్పమని వెంటపడ్డాను. "గీసీముందు అద్దం ఒకటి తెచ్చుకోరా," అన్నాడాయన. అప్పుడే నేను పిలక తీయించి క్రాపు పెట్టించుకుని ఉన్నాను. దాని మీదే వెటకారం అనుకుని మండిపడ్డాను, అద్దం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ పిచ్చి ముదరకముందే తేల్చేద్దామని పెదనాన్న ఒక షరతు పెట్టాడు. "పెల్లిచీరల పెట్టెల మీద అంటించడానికి నా బొమ్మతో లేబిలు ఒకటి సెయ్యి. బాగుంటే నేర్సుకో. లేదంటే పుష్యమాసంలో కొడల ఎల్లి మీ మావయ్య కొట్లో కూకో." కొడల అంటే నాకు ద్వీపాంతరవాసం. (కొడలవాళ్ళు మన్నించాలి, అప్పటికి నేను ఆ ఊరు చూడనుకూడా లేదు.) తాత దగ్గర మసి పట్టించిన రేకు తెచ్చుకుని, ఇంట్లో అయిదు రోజులు నడుం పడిపోయేలా కూర్చుని, పెదనాన్న కొట్లో పరుపు మీంచి వంగి పెళ్ళికూతురి తల్లికి కుడిచేత్తో చీర అందిస్తున్నట్టు ముందు కాగితం మీద, దాన్ని చూసి రేకు మీద గీశాను. ఇక ఆసిడ్‌లో వెయ్యడమే తరువాయి.

లక్ష్మివారం పొద్దున లేచి చూద్దును కదా, పెరట్లో పూజ చెంబుల పక్కన నా రేకు ఎండలో ధగధగలాడుతోంది. దాని మీద ఒక్క గీత లేదు.

"ఏటి పెద్దమ్మా ఇది?"

"మసి పట్టిన రాగి ఇంట్లో ఉంటే లచ్చిందేవి గుమ్మం తొక్కుతాదా? ఎన్నాల్లనించి తోమలేదో, మైనం కూడా అట్టకట్టీసింది. మరిగిన నీల్లు పోసి, సింతపండు పెట్టి తోమీసినాను. సూడు, ఎలా మెరుస్తందో."

మెచ్చుకుంటానని నా మొహంకేసి చూస్తోంది. నాకు కోపం నషాళానికంటింది. కానీ మార్గశిర లక్ష్మివారం నాడు మా ఇంట్లో గొంతెత్తకూడదు, ఆడవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించకూడదు. అంత కోపాన్నీ దిగమింగి, పరమాన్నం రెండుసార్లు వడ్డించుకుని మరీ కోపంగా తిన్నాను. శుక్రవారం తెల్లారగానే విరుచుకుపడ్డాను. "నీకు రాగంటే సెంబు తప్ప తెలీదు. నా బతుకు తోమీసినావు. కొడల ఎల్లి గుడ్డలు కొలుసుకుంటాను, నీ కల్లు సల్లబడతాయి."

ఆవిడ తడిచేతులు కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది. "నాకేటి తెల్సు నాయనా. అడగాల్సింది. తప్పయిపోయింది," అంది. నేను కరగలేదు. పదిరోజులు ఆవిడతో మాట్లాడలేదు. మజ్జిగ కావలిస్తే గోడతో చెప్పేవాణ్ణి. ఆవిడ తెచ్చి పోసేది.

ఆ కసితోనే మళ్ళీ అదే బొమ్మ, గీత పొల్లుపోకుండా గీశాను. ఆసిడ్ తాత హుమ్మ అనే ఊళ్ళో కూతురింటికి వెళ్తూ తాళం నా చేతికిచ్చాడు. ఎవరి సాయమూ లేకుండా నేనే ఆసిడ్‌లో వేసి, నేనే చక్రం తిప్పాను. పెదనాన్న కంటే ముందు పెద్దమ్మకి చూపించాలి, తనేం తుడిచిపెట్టిందో ఆవిడకి తెలియాలి. తడి కాగితం, రేకు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి కాగితం ఆవిడ ముందు పెట్టాను.

"ఎంత బాగుందిరా. ఆ మీసం, ఆ కండువా, అచ్చు ఆయనే," అంది. కాగితం మీదకి వంగి, మెల్లగా, "గానీ బాబూ, పెల్లిచీర ఎడంసేత్తో ఇస్తన్నారేటి?"

చూశాను. కుడిచెయ్యి నిక్షేపంగా మోకాలి మీద ఉంది. పెదనాన్న పెళ్ళివారికి ఎడంచేత్తో చీర ఇస్తున్నాడు. మా దుకాణంలో దారప్పోగు కూడా ఎడంచేత్తో ఇవ్వరు. ప్రెస్సులో కుడి ఎడమవుతుంది. తాత తెచ్చుకోమన్న అద్దం అందుకు. పాపం, నా క్రాపుని ఎవరూ ఏమీ అనలేదు. మొదటి రేకు కూడా నేనిలాగే గీశాను. ఆవిడ తోమకపోతే అది గర్వంగా సరాసరి పెదనాన్న చేతికే వెళ్ళేది, పుష్యమాసానికి నేను కొడలలో ఉండేవాణ్ణి.

"సింతపండు నానబెట్టీమంటావా?" అంది పెద్దమ్మ. మొహంలో వేళాకోళం వెతికాను. లేదు.

"ఇప్పుడు తోమినా పోదు పెద్దమ్మా," అన్నాను. పదిరోజుల తర్వాత ఆవిడతో నేనన్న మొదటి మాట అదే.

ఆవిడ రేకు తిరగేసింది. "ఈ పక్క ఖాలీయే కదా," అని, తను బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చింది. నాలుగు రోజులపాటు, పొయ్యి మీద పప్పు ఉడికేలోగా వచ్చి కూర్చుని, నేను మొదట కాగితం మీద గీసుకున్న బొమ్మ ఎదుట ఆ అద్దం పట్టుకుంది. లేబిలు చూసి పెదనాన్న, "మీసం కాస్త ఎక్కువైంది," అన్నాడు. కొడల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తప్పయిపోయిందని ఆవిడ నాతో అంది. నేను ఆవిడతో ఒక్కసారీ అనలేదు. రేకు నా దగ్గరే ఉంది. మార్గశిరం వస్తే మా కోడలు తోముతానంటుంది, ఇవ్వను. నేనే చింతపండు పెట్టి రెండు పక్కలా తోమి ఎండలో పెడతాను. "సూడు పెద్దమ్మా, ఎలా మెరుస్తందో," అంటాను. గోడతోనే.