అర్జీల సారు కొట్టేసిన మాట

ఆర్మూరు తహసీల్ ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద కూర్చుని ఏళ్ల తరబడి మనందరి అర్జీలు రాసిపెట్టిన సారు మొన్న మంగళవారం కన్నుమూశారు. మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. కబురు వచ్చినప్పుడు నేను శాసనసభలో ఉన్నాను. పసుపు మద్దతు ధర మీద నేనడిగిన ప్రశ్న ఆ రోజు జాబితాలో ఉంది. దానికి ముందున్న ప్రశ్న మీదే అటువాళ్లు, ఇటువాళ్లు గంటసేపు అరుచుకున్నారు. నా వంతు వచ్చేలోపే సభ వాయిదా పడింది. బయటికొచ్చి ఫోన్ చూసుకుంటే ఆర్మూరు ఆఫీసు నుంచి వరసగా కాల్స్. పొద్దున చాయ్ తాగి పేపర్ చదివించుకుంటూ కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయారట.

నిజం చెప్తున్నాను, ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ప్రశ్న ఏమైందని నన్ను నిలదీసే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయనకు ఏం చెప్పాలా అని తలుచుకుంటూ బయటికొచ్చాను. చెప్పుకోవడానికి ఆయన లేరు.

నెలనెలా మీకు నేను రాసే ఈ ఉత్తరం, గ్రామపంచాయతీ బోర్డు మీద అతికించేది, వాట్సాప్‌లో మీకు చేరేది, మొదటిసారి ఆయన చేయి పడకుండా వస్తోంది. తప్పులుంటే నావే. ఇన్నాళ్లూ ఉన్నవి కూడా నావే, కాకపోతే ఆయన కొన్నిటిని ఆపగలిగారు.

సారును నేను మొదట చూసింది కాలేజీ రోజుల్లో. అంకాపూర్ దాటి మా ఊరికి వచ్చే పొద్దుటి బస్సును ఆపేశారు. నేను నాలుగు పేజీల అర్జీ రాసుకుని వచ్చాను. అందులో స్త్రీవిద్య ఉంది, దేశ ప్రగతి ఉంది, ఉపమానాలు కూడా ఉన్నాయి. కళ్లజోడు దారం సవరించుకుని మొత్తం చదివారు. తర్వాత జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి ఒక్కొక్క పేజీ మీద అడ్డంగా గీత గీశారు. నాకు అవమానంతో చెవులు కాలిపోయాయి.

"బస్సు కావాల్నా, చప్పట్లు కావాల్నా?" అని అడిగారు.

బస్సే కావాలన్నాను. ఆరు వరుసల్లో టైపు కొట్టిచ్చారు. నా దగ్గరున్న పాత బస్ పాస్ తీసుకుని, కాగితం మూలకు చిల్లు పొడిచి దారంతో కట్టారు. అర్జీకి సాక్ష్యం కట్టాలని ఆయన నియమం. కాలువ లైనింగు పోతే ఊడిన సిమెంటు పెచ్చు, మొలకెత్తని విత్తనాలకు గుడ్డ మూట, తాగలేని నల్లా నీళ్లకు మూత బిగించిన సీసా. ఆఫీసుల్లో గుమస్తాలు విసుక్కునేవారు. కానీ దారానికి పెచ్చు వేలాడుతున్న కాగితాన్ని కట్ట కింద దాచడం కష్టం, అదే ఆయన ఎత్తుగడ. మా బస్సు తిరిగి వచ్చింది.

ఒక అర్జీలో ఒకటే అడగాలనేవారు. రెండడిగితే అందులో సులువైంది చేసి చేతులు దులుపుకుంటారట. "దయతో" అనే మాట మాత్రం ఎవరెంత బతిమాలినా రాసేవారు కాదు. దయ దేవుని దగ్గర అడగాలె, ఆఫీసుల పని అడగాలె అనేవారు. రాసింది చివర్లో పైకి చదివి వినిపించనిదే వేలిముద్ర వేయనిచ్చేవారు కాదు. ఏం అడుగుతున్నామో అడిగేవాళ్లకే తెలియకపోతే ఎలా అని.

నేను గెలిచిన రోజు ఇల్లంతా దండలు, శాలువాలు. సారు మర్నాడు వచ్చారు, చేతిలో అర్జీతో. పోచంపాడ్ కాలువ చివరి ఆయకట్టు రైతులది, కాగితానికి ఎండిన మట్టిగడ్డ కట్టి ఉంది. గెలిచినందుకు సంతోషమని ఒక్క ముక్క అని, రసీదు అడిగారు. ఇంకా మా ఆఫీసుకు ముద్ర కూడా రాలేదు. చేత్తో రాసిచ్చేదాకా కదల్లేదు.

మీకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టినప్పుడు నేనే ఆయన్ని దిద్దిపెట్టమన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను, దాచడం ఎందుకు. మొదటి ఉత్తరం పదకొండు చోట్ల ఎర్రగా తిరిగి వచ్చింది. పదకొండు చోట్లా కొట్టేసింది ఒకటే మాట. రోడ్డు త్వరలో, నీళ్లు త్వరలో, దవాఖానలో డాక్టర్లు త్వరలో.

"ఎన్నడో చెప్పు బిడ్డా. చెప్పరాకుంటే రాయకు," అన్నారు.

రాజకీయాల్లో అన్నిటికీ తారీఖులు చెప్పలేమని వాదించాను. పసుపు వేసేటోడు కూడా వాన ఎప్పుడొస్తదో చెప్పలేడు, కానీ ఎప్పుడు తవ్వేదో చెప్తాడు కదా అన్నారు. ఆయనతో వాదనకు దిగి గెలిచినట్టు నాకు గుర్తు లేదు.

ఇక కల్లం సంగతికి వస్తాను. రాయడానికి చేయి రావడం లేదు, కానీ అది రాయకుండా సారు గురించి రాయడం దొంగతనం అవుతుంది.

ఊరి చివర ఉన్న ఉమ్మడి కల్లం మీకు తెలుసు. సొంత కల్లం లేని చిన్న రైతులు, కౌలుదార్లు ఉడకబెట్టిన పసుపును అక్కడే ఆరబోస్తారు. రెండు వారాలు ఎండాలి. ఆ రెండు వారాల్లో ఒక్క వాన పడిందా, తొమ్మిది నెలల కష్టం నల్లబడి బూజు పడుతుంది. అందుకే కప్పు అడిగాం. స్తంభాలు లేచాయి. ఒక ఏడాది రేకులు కూడా తెచ్చి కల్లం పక్కన దించారు. బిగించడమే తరువాయి అని ఒక అధికారి నాకు ఫోన్లో చెప్పారు. నేను ఆ నెల ఉత్తరంలో, ఈ పంటకు కల్లం మీద కప్పు ఉంటుందని రాశాను.

సారు ఆ వాక్యాన్ని మొత్తంగా కొట్టేశారు. ఉత్తర్వు చూశావా అని అడిగారు. చూడలేదన్నాను. చూసినంక రాయి అన్నారు. నేను ఊరుకునేదాన్నే. కానీ అదే వారం బస్టాండు దగ్గర అవతలి పార్టీ వాళ్లు ఫ్లెక్సీ కట్టారు, కల్లానికి కప్పు తెచ్చింది తామేనని. ఫ్లెక్సీలో నలుగురు నాయకులు నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండింది. సారు కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ పెట్టి, అక్షరాలు లావుగా చేయించి అచ్చుకు పంపాను.

మీరు నమ్మారు. పక్కన రేకులు కనబడుతున్నాయి, ఎమ్మెల్యే ఉత్తరంలో రాసింది, ఇంకేం కావాలి? ఆ ఏడాది చాలామంది టార్పాలిన్లు తెచ్చుకోలేదు. పసుపు పోసిన నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. నేను వెళ్లేసరికి ఆడవాళ్లు చీర కొంగులతో నీళ్లు తోడిపోస్తున్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

తర్వాత వారం సారు మా ఆఫీసుకు వచ్చారు. కల్లం రైతుల అర్జీ, నా మీద. ఉత్తరంలో లేనిది ఉన్నట్టు రాసినందుకు జవాబు చెప్పాలని, కల్లానికి కప్పు వేయించాలని. కాగితం మూలకు తడిసి నల్లబడిన పసుపు కొమ్ము కట్టి ఉంది. దాన్ని నా ముందే పట్టి వంచారు. బాగా ఎండిన కొమ్ము పుటుక్కున విరుగుతుంది. అది విరగలేదు, మెత్తగా వంగింది.

"మీరు కూడానా సారు?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"నువ్వు రాసింది దిద్దిన. నువ్వు దిద్దుకోలే. గిప్పుడు వాళ్లు చెప్తే రాసిన," అన్నారు. గొంతులో కోపం లేదు. "రసీదు ఇయ్యి బిడ్డా."

రసీదు ఇచ్చాను. ఆ నెల ఉత్తరాన్ని కూడా ఆయనే దిద్దారు. అందులో నా క్షమాపణ ఉంది. అందులో "విధివశాత్తు" అని రాసుకున్నాను, కొట్టేశారు.

అప్పటినుంచి ఆ కప్పు కోసం నేను ఎక్కని మెట్టు లేదు. చెప్పుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే కడుపు మండుతుంది. నేల మాది, కట్టడం వాళ్లది అని ఒక ఆఫీసు అంటుంది. కట్టడం మాదే కానీ నేల అప్పగించలేదని రెండో ఆఫీసు అంటుంది. రెండూ ఒకే బిల్డింగులో పై అంతస్తు, కింది అంతస్తు. ఫైలు మెట్లు ఎక్కుతుంది, దిగుతుంది. తుప్పు పడుతున్నాయని రేకులను మాత్రం ఎవరో తీసుకుపోయారు, ఆ పనికి ఎవరి అనుమతీ అడ్డం రాలేదు. సభలో లేవనెత్తితే, స్తంభాలు లేపి వదిలేసింది మీరు కాదా అని అటువాళ్లు. కప్పు ఆపింది మీరు కాదా అని ఇటువాళ్లు. పసుపు అనే మాటే ఆ గోలలో వినబడదు. నేను కూడా అరిచాను. అరవడం మస్తుగా వచ్చు నాకు, కప్పు వేయించడమే రాలేదు.

పోయిన నెల ఉత్తరం పట్టుకుని సారు ఇంటికి వెళ్లాను. కంటి చూపు బాగా తగ్గింది, నన్నే చదవమన్నారు. పెన్సిల్ చేతిలో ఊరికే పట్టుకుని విన్నారు. ధర సంగతి చదివాను, కాలువ నీళ్ల వంతు సంగతి చదివాను. అయిపోయిందన్నాను. కల్లం సంగతి ఎందుకు రాయలేదని అడిగారు. కొత్తగా ఏం జరగలేదు, ఏం రాయాలి సారు అన్నాను. అసలు కారణం సిగ్గు. ఆయనకు తెలుసు.

"ఏం కాలేదని రాయి. కాని పని గూడ ఖబరే బిడ్డా. రాయకుంటే అయిందనుకుంటరు."

ఆ మాట విని కూడా ఆ నెల రాయలేదు. వచ్చే నెల రాద్దాంలే అనుకున్నాను. ఇదే ఆ వచ్చే నెల. కాబట్టి రాస్తున్నాను: కల్లం మీద కప్పు లేదు. ఈ పంటకు ఉండదు. ఎప్పుడు ఉంటుందో నాకు తెలియదు. దయచేసి టార్పాలిన్లు తెచ్చుకోండి. సారు ఉంటే ఇందులో "దయచేసి" ఒక్కటి ఉంచేవారేమో, అడుగుతున్నది నేను కాబట్టి.

అంత్యక్రియలు అయిన మర్నాడు కాళ్లు వాటంతటవే ఆ పందిరి దగ్గరికి తీసుకెళ్లాయి. టైపు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. స్టూలు పక్కన నేల మీద ఒక ఆమె కూర్చుని ఉంది. మూడెకరాల కౌలు, పసుపు తవ్వకం నడుస్తోంది, పని ఒక పూట మానుకుని వచ్చింది. సారు పోయిన సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పాక గుడ్డ కప్పిన మిషన్ వైపు చూసింది. మరి ఇప్పుడు మాకెవరు రాస్తరు అని అడిగింది.

నేను స్టూలు మీద కూర్చున్నాను. సొరుగులో కాగితాలు ఉన్నాయి, ఎర్ర పెన్సిల్ ముక్క ఉంది. అర్జీ ఎవరికి పెట్టాలని అడిగాను.

"నీ పేరు మీదనే అమ్మా," అంది.

వచ్చే వారం పసుపు ఉడకబెట్టే బాయిలర్ వస్తుంది, ఆ వెంటనే పసుపు కల్లం మీదికి వెళ్తుంది. కప్పు కావాలి. ఒకటే కోరిక. చేత్తోనే రాశాను, ఆరు వరుసలు. పైకి చదివి వినిపించాను. ఆమె తల వంచుకుని విని, మధ్యలో ఆపింది.

"దయతో అని సారు రాయకపోతుండె."

చూసుకుంటే నిజమే, అలవాటుకొద్దీ రాసేశాను. పెన్సిల్ ముక్కతో కొట్టేశాను. అర్జీకి ఏం కట్టాలో మాత్రం మా ఇద్దరికీ తోచలేదు. లేని కప్పుకు సాక్ష్యం ఏం తెస్తాం? ఆమె ఇంకు డబ్బా మీద బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. రోజూ పచ్చి పసుపు తవ్వి విరిచే చేతులు, ఎంత కడిగినా పోదు. నల్లటి ముద్ర చుట్టూ పసుపు మరక పరుచుకుంది.

ఆ సాయంత్రమే దానికి రసీదు ఇచ్చాను, నా ఆఫీసు ముద్రతో, నా సంతకంతో. కాగితం నా బల్ల మీద, కిటికీ పక్కన ఉంది. పొద్దున పది దాకా అక్కడ ఎండ పడుతుంది. పసుపు మరకను ఎండలో పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మొదటి రోజు రూపాయి బిళ్లంత ఉండేది. ఇవాళ ముద్ర చుట్టూ సన్నటి అంచు మిగిలింది. కల్లం ఫైలు పై అంతస్తులో ఉందని పొద్దున ఫోన్ చేస్తే చెప్పారు.

మరక పోకుండా కిటికీకి పరదా వేయించమంటారా అని ఆఫీసులో అడిగారు. వద్దన్నాను. ఎన్ని రోజులు గడిచాయో నాకు కనబడాలి.